నాలుగో పాటలో ఏడుపు

పొద్దున్నే అక్క కుట్టుమిషను ముందు కూర్చునేది. తమ్ముడు మేడమీది గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. అతను చేసేది ట్రిప్ హాప్ సంగీతం. నత్తనడక డ్రమ్ములు, గుండెల మీద బండ పెట్టినట్టు బేస్, మధ్యలో ఎక్కడెక్కడివో తెచ్చి అతికించిన చప్పుళ్లు. వింటే పట్టపగలే దిగులు పుడుతుంది. అలాంటి పాటలతో ఒక ఆల్బమ్ వస్తే తన పేరు మారుమోగిపోతుందని అతని నమ్మకం.

అతని పాత టేపు రికార్డరుతో ఒక చిక్కుంది. అందులోకి ఎక్కిన చప్పుడు ఇక బయట వినపడదు. గేటు తీసినా, ఆ కిర్రుమనడం టేపులోనే వినపడాలి. టేపు చెరిపేస్తే మళ్లీ మామూలే. ఎదురింటి పెద్దాయన దగ్గు కూడా అందులోనే ఉంది. "ఉండనీ నాయనా, మా ఆవిడ కంటినిండా నిద్రపోతోంది" అన్నాడాయన.

మొగుడు చెప్పాపెట్టకుండా పోయాక అక్క చంటిపాపతో తమ్ముడి పంచన చేరింది. పాప గుక్కపట్టి ఏడిస్తే చెవులు చిల్లులు పడేవి. ఒకరోజు విసిగిపోయి అక్కే అంది.

"దీని ఏడుపు కూడా పట్టుకుపోరా. నీకు పాటవుతుంది, నాకు పనవుతుంది."

అతనికి అంతకన్నా ఏం కావాలి?

మొదట్లో ఇల్లు హాయిగానే ఉంది. తర్వాత ఒకనాడు చూస్తే, పాప మొహం కందగడ్డలా చేసుకుని నోరు తెరిచి ఏడుస్తోంది. చప్పుడు లేదు. ఎంతసేపటి నుంచో ఏమో. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అడిగే నోరేమో మేడమీదుంది. అక్క ప్రాణం ఉసూరుమంది. ఆ రోజే రికార్డరు కిందికి తెప్పించి మిషను పక్కన పెట్టుకుంది. టేపులో ఏడుపు వినపడగానే ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేది.

"చెరిపెయ్యరా, నీకు పుణ్యముంటుంది."

"నాలుగో పాటకి అదే ప్రాణం అక్కా. పాట పూర్తి కానీ." ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.

ఆ పాట పూర్తిచేసే రోజు వచ్చింది. రికార్డరు చంకన పెట్టుకుని స్టూడియోకి బయల్దేరుతూ తమ్ముడు గుమ్మంలో ఆగాడు.

"ఇవాళ పాలు కాస్త ఆలస్యంగా పట్టక్కా. గట్టిగా ఏడవాలి. సాయంత్రానికి చెరిపేస్తా, ఒట్టు."

అక్క పాప వంక చూసింది. నీడ ఇచ్చిందీ వాడే, బిడ్డ గొంతు తిరిగివ్వాల్సిందీ వాడే. "కాస్తే సుమా" అంది.

పాలవేళ దాటింది. ఉయ్యాలలో పాప నోరు తెరిచింది. ఆ మూగ ఏడుపు కళ్లారా చూస్తూ కూర్చోవడం అక్కవల్ల కాలేదు. గది తలుపు మూసి, బయట మిషను తొక్కుతూ కూర్చుంది.

స్టూడియోలో ఏడుపు మొదలైంది. అక్కడి రికార్డింగు మిషను మామూలుది, విన్నది విన్నట్టు పాటలోకి ఎక్కిస్తోంది. కొంతసేపటికి ఏడుపు తీరు మారింది. రికార్డు చేస్తున్న ఇంజనీరు చెయ్యి ఆగిపోయింది.

"ఎవరి బిడ్డండీ? ఏదో అయినట్టుంది. ముందు ఫోన్ చెయ్యండి."

తమ్ముడికీ అలాగే అనిపించింది. అనిపించినా, "ఇప్పుడే బాగా వస్తోంది, కానివ్వండి" అన్నాడు.

ఏడుపు సన్నబడి, చివరి డ్రమ్ము దెబ్బతోపాటు ఆగింది.

"చూశారా, తాళం తప్పలేదు" అని మురిసిపోయాడు.

అక్క తలుపు తీసేసరికి ఉయ్యాల తాడు పాప మెడకు బిగుసుకుని ఉంది. 

సాయంత్రం ఒట్టు ప్రకారం తమ్ముడు టేపు చెరిపేశాడు. గేటు కిర్రుమంది. ఎదురింటి పెద్దాయన దగ్గాడు. అంతకుమించి ఏ చప్పుడూ తిరిగిరాలేదు.

ఆల్బమ్‌కి పేరొచ్చింది. నాలుగో పాట ముగింపు గురించి అందరూ చెప్పుకున్నారు. అక్క రోజూ పాలవేళకి ఆ పాట పెట్టి, ఏడుపు వినపడగానే సీసా పట్టుకుని గదిలోకి పరుగెత్తేది. ఎంత తొందరపడ్డా తలుపు తీసేసరికి పాట అయిపోయేది. అక్కడే కూలబడి వీధంతా వినపడేలా ఏడ్చేది.

ఒకరోజు మేడమీద తమ్ముడు తల పక్కకు వంచి ఆ ఏడుపు విన్నాడు. రెండో ఆల్బమ్‌కి ఇంకా ఏమీ దొరకలేదతనికి. రికార్డరు తీసుకుని మెట్లు దిగాడు.

మర్నాడు ఎదురింటి పెద్దాయన భార్యతో అన్నాడు, "పోనీలేవే, పాపం ఆ పిల్ల ఇప్పటికి కాస్త తేరుకున్నట్టుంది."