గోడ తుడవని రెండు రోజులు

ఆ జనవరిలో అల్ రయ్యాన్‌లోని బుర్హానుద్దీన్ విల్లాకు ఇటలీ నుంచి ఒక పెల్లెట్ స్టవ్ వచ్చింది. చెక్కపొట్టును గుళికలుగా నొక్కి, వాటిని కాల్చి గదిని వెచ్చబరిచే పొయ్యి అది. క్రితం ఏడాది ఆయన భార్య జైబా యూరప్‌లో ఏదో మంచు కొండ మీది హోటల్లో అలాంటి పొయ్యి ముందు కూర్చుని ఫోటో దిగింది. ఆ ఫోటోకు వచ్చిన పొగడ్తలు చూశాక పొయ్యి తన ఇంట్లోనే ఉండాలనుకుంది. నిజామాబాద్ నుంచి వచ్చి ఖతర్‌లో పెద్ద కాంట్రాక్టరైన బుర్హానుద్దీన్ భార్య మాటను ఏనాడూ కాదనలేదు. కాదనడానికి ఆయన ఇంట్లో ఉంటే కదా.

జనవరి సాయంత్రాలకు అక్కడ ఒక శాలువా చాలు. శాలువా చాలే చోట పొయ్యి వెలిగించాలంటే ముందు గదిని చల్లబరచాలి. అందుకని రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళకు ఏసీని పద్దెనిమిదిలో పెట్టి, వణుకు పుట్టాక స్టవ్ వెలిగించేవారు. ఏసీ వేయడం, స్టవ్ వెలిగించడం, గుళికలు పోయడం, బూడిద తీయడం అన్నీ స్వర్ణ పనులే. ఆమెది మెట్‌పల్లి పక్క పల్లె. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేస్తోంది, ఇల్లు శుభ్రం చేస్తోంది. చలికి మంట పెట్టుకుంటున్నామని ఫోన్లో చెబితే, "దుబాయ్‌ల చలేందే? నీకు జరమొచ్చిందా?" అని గల్ఫంతా దుబాయే అనుకునే అత్త కంగారుపడింది.

నాలుగో రోజు నుంచి గదిలో పొగ వాసన మొదలైంది. కళ్ళు మండేవి. జైబా వెంటనే బఖూర్ ధూపం వేయించి పొగను పొగతోనే దాచింది. స్టవ్‌తో పాటు విషవాయువు పెరిగితే కూసే చిన్న అలారం ఒకటి వచ్చింది. ఆ సాయంత్రం అది కూసిన కూతకు, టీకి వచ్చిన స్నేహితురాలు జకియా చేతిలోని కప్పు ఒలికింది.

"తోబా! మెహమాన్ల ముందర ఇజ్జత్ తీస్తుంది ఇది," అని జైబా అలారంలోంచి బ్యాటరీలు తీయించి, దాన్ని సొరుగులో పెట్టించింది.

మర్నాడు మెయింటెనెన్స్ కంపెనీ నుంచి సూపర్‌వైజర్ గజేందర్ వచ్చాడు. కరీంనగర్ మనిషి. ఆ స్టవ్ బిగించింది అతని మనుషులే. యంత్రాన్ని చూడకుండానే రోగం చెప్పగలడని అతనికి పేరు. చెప్పిన రోగం ఒకటీ ఉన్న రోగం ఇంకొకటీ అయినా ఆ పేరుకు ఇంతవరకు మచ్చ రాలేదు.

"ఇది డోర్ లీకేజ్ మేడమ్. గ్యారంటీ," అన్నాడు గుమ్మంలోనే. పరీక్షకని స్టవ్ తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి, పట్టి లాగాడు. కాగితం చిరిగింది గాని ఊడిరాలేదు. అంటే తలుపు గట్టిగానే మూసుకుంటోంది. అయినా తలుపు చుట్టూ ఉన్న సీలు తాడు మార్చి వెళ్ళాడు. పొగ వచ్చింది.

రెండోసారి వచ్చి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను ఇటు గుంజుతోందని తేల్చాడు. ఫ్యాన్ ఆపేశారు. స్వర్ణ నాలుగు రోజులు తాలింపు ఘాటులో దగ్గుతూ వండింది. పొగ వచ్చింది.

మూడోసారి అగరుబత్తి వెలిగించి స్టవ్ చుట్టూ తిప్పాడు. లీకున్న చోట దాని పొగ చెదిరిపోవాలి. పైన ఏసీ హోరుమంటోంది, పక్కన బఖూర్ గుప్పుమంటోంది. అగరుబత్తి పొగ ఎటు చూసినా చెదిరిపోయింది. గజేందర్ ట్యాబ్‌లో చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

అతను వచ్చే ప్రతి రోజూ పొద్దున్నే జైబా ఒకే మాట చెప్పేది. "స్వర్ణా, కంపెనీవాళ్ళు వస్తున్నరు. స్టవ్ కాడ అంతా సాఫ్ చెయ్. ఎనుక గోడ గూడ."

"మేడమ్, గోడకు ఒక్క కాడనే నల్లగ అంటుతుంది. పొగ గొట్టం వంగిన కాడ. దినాం గట్లనే."

"అయితే దినాం తుడువు."

స్వర్ణ రోజూ తుడిచింది. గుళికలు పోస్తూ రోజూ రెండు గంటలు ఆ పొయ్యి పక్కనే కూర్చునేది కూడా తనే. వారం తిరిగేసరికి తలనొప్పి పట్టుకుంది. చెబితే, "ఫోన్ తక్కువ చూడు," అంది జైబా.

ఒక సాయంత్రం గుళికలు పోస్తుండగా ఆమెకు కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచి, గేటు పక్కన మెట్టు మీద కూలబడింది. చల్లగాలికి తేరుకున్నాక అరచేతిని చూసుకుంది. నల్లగా ఉంది. చచ్చిపోతే ఏమని రాస్తారు, ఫోన్ ఎక్కువ చూసి పోయిందనా? ముందు భయం వేసింది, ఆ వెంటే ఒళ్ళు మండింది. పొగ ఎక్కడ కారుతోందో గోడ రోజూ చూపిస్తూనే ఉంది. ఆ ఆనవాలును తన చేత్తో తనే రోజూ చెరిపేస్తోంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె గోడ ముట్టలేదు. పెద్ద ఇత్తడి పూలకుండీ ఒకటి జరిపి మరకకు అడ్డంగా పెట్టింది. కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి, అక్కడే కూర్చుంది. మూడో రోజు సాయంత్రం గజేందర్ నాలుగోసారి వస్తాడనగా, ఏసీ రిమోట్‌లో బ్యాటరీలు తీసి అలారంలో వేసింది. కిటికీ మూసి స్టవ్ వెలిగించింది.

గజేందర్ ఇంకా బూట్లు విప్పుతుండగానే అలారం కూసింది. జైబా పరుగున వచ్చి, ఏసీ వేద్దామని రిమోట్ నొక్కింది. ఏసీ పలకలేదు. స్వర్ణ కుండీ పక్కకు లాగింది. తెల్లగోడ మీద, గొట్టం వంపు దగ్గర నుంచి పైకి, మూరెడు పొడవున మసి చార.

"ఛీ! గోడ గిట్లుందేంది? సిగ్గు లేదా నీకు?"

"అదే మేడమ్, మొదటి సంది నేను చెప్తున్నది."

గజేందర్ ముందు మసిని చూశాడు, తర్వాత స్వర్ణను చూశాడు. కిటికీ తెరిపించి, గాలి కుదురుకున్నాక, అగరుబత్తి వెలిగించి వంపు కింద పెట్టాడు. బూడిద తీయడానికి అక్కడ ఒక మూత ఉంది. ఏసీ హోరు లేని గదిలో నిలువుగా లేస్తున్న అగరుబత్తి పొగ ఆ మూత దగ్గరికి రాగానే ఎవరో ఊదినట్టు పక్కకు విరిగింది. స్టవ్ ఆపి, చల్లారాక మూత విప్పాడు. లోపల ఉండాల్సిన సీలు రింగు లేదు.

"గిదేనా?" అని స్వర్ణ వంటింట్లోంచి చిన్న సంచి తెచ్చింది. అందులో ఒక రింగు ఉంది. స్టవ్ వచ్చిన ఖాళీ పెట్టె అడుగున దొరికింది. ఇంకా విప్పనే లేదు. "నీ మనుషులు పెట్టెతోనే చెత్తల వారేసిండ్రు. నేను ఏరి దాసిన."

గజేందర్ రింగు అందుకుని బిగించాడు. మర్నాడు కంపెనీ నుంచి రిపోర్టు వచ్చింది. ఆధునిక పద్ధతులతో నాలుగు దశల్లో పరిశోధించి లీకును గుర్తించామని, అందుకు క్లీనింగ్ సిబ్బంది సహకరించారని అందులో ఉంది.

ఆ సాయంత్రం స్టవ్ పొగ లేకుండా వెలిగింది. పావుగంటకే గది కొలిమిలా కాగింది. అతిథులు చెమటలు తుడుచుకుంటూ తోటలోకి వెళ్ళి శాలువాలు కప్పుకున్నారు. జైబా అలారాన్ని మళ్ళీ సొరుగులో పెట్టమంది.

"అది సొరుగుల వెడితే నేను స్టవ్ ముట్ట మేడమ్," అంది స్వర్ణ.

దాన్ని వెలిగించడం ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. అలారం గోడకెక్కింది. స్వర్ణ తలనొప్పి వారంలో తగ్గింది.

ఫిబ్రవరి మొదట్లో గజేందర్ ఫోన్ చేశాడు. జకియా కూడా అదే స్టవ్ తెప్పించిందట.

"అక్కా, ఆడ గూడ పొగొస్తుంది. రెండుసార్లు పోయిన. మేడమ్ లొల్లి వెడుతుంది. నువ్వు జర ఏమన్న చెప్పరాదు?"

"ఆ ఇంట్ల పొయ్యి కాడ కూసునేటిది ఎవరు?"

"ఉంది ఒక పనామె. బంగ్లాదేశో, నేపాలో."

"పేరేంది?"

"పేరు... నేను అడగలే అక్కా."

"ముందు అది అడుగు," అని స్వర్ణ ఫోన్ పెట్టేసింది.