పొడుగుది, పొట్టిది

మా ఆయన దర్జీ. కొలతలో ఇంచీ తేడా రానిచ్చేవారు కాదు గాని, చెప్పిన రోజుకి బట్టలు ఇచ్చిన పాపాన పోలేదు. "రేపు రండి" అనడంలో ఆయనకు సాటి లేదు.

ఒకసారి కొట్టు ముందు బండి మీద బొప్పాయి పండు కొన్నారు. ఇంత తీపి మళ్లీ దొరకదంటూ గింజలన్నీ పెరట్లో గోడవార చల్లారు. చాలానే మొలిచాయి, నిలిచినవి మాత్రం రెండు. ఒకటి సన్నగా పైకి సాగింది. రెండోది పొట్టిగా ఉండిపోయింది. పొడుగుది తనదన్నారు, పొట్టిది నాదన్నారు. సెలవు పూట మెడలో టేపు తీసి రెండింటికీ కొలతలు తీసేవారు.

"నీదానికి జాకెట్టు ముక్క చాలు. నాదానికి గుడ్డ తాను మొత్తం విప్పాలి."

ఎవరిది ముందు కాస్తుందో చూద్దామని పందెం వేసుకున్నాం. బొప్పాయి నాలుగు కాలాలు నిలిచే చెట్టు కాదని, మొదటి పండు నుంచే గింజలు దాచి మళ్లీ నాటుకోవాలని చెప్పేవారు. పందెం తేలకముందే ఒక మధ్యాహ్నం కుట్టుమిషను మీదికి ఒరిగిపోయారు. సూది కింద ఎవరిదో చొక్కా చెయ్యి సగంలో ఆగిపోయింది.

మా మరిది కరెంటు పని చేస్తాడు, పక్క వాటాలో ఉంటాడు. తల్లీ తండ్రీ లేని పిల్లవాణ్ణి మా ఆయనే పెంచారు. అన్న పోయాక అతను మళ్లీ మనిషి కాలేదు. పొద్దున్నే వచ్చి రెండు చెట్లకూ నీళ్లు పోసి పనికి పోయేవాడు.

ముందు పూసింది పొట్టిదే. పొడుగాటి కాడలకు చిన్న చిన్న తెల్లపూలు, జడల్లా కిందికి వేలాడుతూ. పందెం గెలిచానని మరిదికి చూపించాను. అతను కాసేపు చూసి తల గోక్కున్నాడు.

"ఓడిపోయావు వదినా. ఇది మగది, కాయదు."

గోడ పక్కనున్న కాస్త మట్టిలో ఇది తినే సారమంతా అన్నయ్య చెట్టుకు దక్కుతుందన్నాడు. కత్తి పట్టుకుని కూడా నేను చెప్పేదాకా వేటు వెయ్యలేదు. కొట్టేయమన్నాను. నా చెట్టు పోతేనేం, ఆయనది బాగుంటే చాలనుకున్నాను. ఒక్క వేటుకే పడిపోయింది. లోపలంతా బోలు.

తర్వాత పొడుగుది పూసింది. పూలు మానుకు అంటుకుని వచ్చాయి, కాయలు నిలిచాయి. అంతలో వానలు పట్టుకుని పెరట్లో నీళ్లు నిలిచాయి. చెట్టు మొదలు మెత్తబడి కుళ్లింది. మరిది దానికి కర్ర ఊతం పెట్టి తాడుతో గోడకు కట్టాడు. ఒక్క పండు పండేదాకా నిలబడితే చాలు వదినా, గింజలొస్తే అన్నయ్య మన పెరట్లోనే ఉన్నట్టు అన్నాడు. ప్లాస్టిక్ సంచులు తెచ్చి, మట్టి జల్లించి, ఎరువు కలిపి నింపి గోడవార వరసగా పెట్టాడు. అతను నవ్వడం మళ్లీ ఆ సంచుల దగ్గరే చూశాను.

పండు రంగు తిరిగింది. అతను పనినుంచి వచ్చేసరికి గింజలు కడిగి ఆరబెట్టి చూపించాలని, పళ్లెం దగ్గర పెట్టుకుని కోశాను.

లోపల గింజ లేదు. తోమి బోర్లించిన గిన్నెలా నున్నగా ఉంది. రెండో చెక్క చూశాను. చెంచాతో గీకి చూశాను. గింజ ఉండాల్సిన చోట తెల్లటి పొట్టు తప్ప ఏమీ లేదు. పక్కింటావిడ వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుని, ఎంత తీపో, గింజల బాధ కూడా లేదు, అదృష్టవంతురాలివని మెచ్చుకుంది.

ఆ చెక్క పట్టుకుని కొట్టు ముందు పళ్ల బండి అతని దగ్గరికి వెళ్లాను.

"దగ్గర్లో మగచెట్టు లేదామ్మా? దాని పుప్పొడి తగిలితేనే దీనికి గింజ కడుతుంది," అన్నాడు.

అప్పుడు మా ఆయన కొన్న పండు ఏ తోటదని అడిగాను. ఎన్ని తోటల సరుకో, ఎవరికి గుర్తుంటుందమ్మా అన్నాడు.

సాయంత్రం మరిది చేతులైనా కడుక్కోకుండా పెరట్లోకి వచ్చాడు.

"గింజలు తీశావా వదినా?"

అతని మొహం చూశాను. కత్తి పట్టిన ఆ చేతులు చూశాను.

"తీశాను. నాటేశాను కూడా."

మిగిలిన కాయలు అతను చూడకుండా పచ్చివే కోసి, ఎక్కడో చివరి వీధిలో పంచేశాను. వారం తిరక్కుండా చెట్టు తాడుతో సహా ఒరిగిపోయింది. పోతే పోయిందిలే, సంచుల్లో దాని పిల్లలున్నాయిగా అని నాకే ధైర్యం చెప్పాడు.

రోజూ పొద్దున్నే సంచుల ముందు గొంతుక్కూచుని మట్టిని వేలితో తడిమి చూస్తాడు.

"ఇంకా రాలేదేంటి వదినా?"

"మీ అన్నయ్య ఏ పనైనా చెప్పిన రోజుకి ఎప్పుడిచ్చారు?"

నవ్వాడు. చెంబు బకెట్లో ముంచి, చివరి సంచి దాకా నీళ్లు పోశాడు.