రొట్టె మేత కాదు

హోజినిసా పిన్ని ఆవు వణుకుతోందని కబురొస్తే తిట్టుకుంటూనే బయలుదేరాను. ఆ వీధిలో అప్పటికే ఒక ఆవు అలాగే వణికి వణికి చచ్చింది. మేతలో బూజు విషం ఉందేమో చూడటం జిల్లా పశువుల ల్యాబులో నా పని. ఆ వీధివాళ్లు మిల్లు నుంచి తెచ్చుకునే పత్తి గింజల చెక్క, ఎండుగడ్డి, తవుడు అన్నీ పరీక్షించాను. ఏ దోషమూ లేదు. నూనె మిల్లువాడు నా నోరు నొక్కేశాడని ఊరంతా ఒకటే గుసగుస. లోకుల నోటికి మూకుడు ఉండదు కదా.

హోజినిసా కోడలు పురిట్లోనే పోయింది. మనవడు ఎర్గష్ ఆ ఆవు పాలతోనే బతికాడు.

"ఏం పెడుతున్నావు పిన్నీ దీనికి?"

"మళ్లీ అదే పాటా? చెక్క, గడ్డి, తవుడు. పలావు వండి పెడతాననుకున్నావా?"

టీ పోసి రొట్టె తుంచింది. ఎర్గష్ చేతిలో ముక్క జారి కిందపడింది. ఆమె దాన్ని తీసి ముద్దు పెట్టుకుని, నుదుటికి తాకించి, గేటుకు వేలాడుతున్న సంచిలో వేసింది. ఇరుగుపొరుగు తమ ఇళ్లలో మిగిలిన రొట్టెలు తెచ్చి వేసి వెళ్లే సంచి అది. వానకు తడిసి ముద్దయింది. విప్పి చూస్తే లోపలంతా పచ్చగా, నల్లగా బూజు.

"ఇదెవరికి?"

"ఆవుకి. రొట్టెను చెత్తలో పారేస్తామా ఎక్కడైనా?"

"మేతేంటని అన్నిసార్లు అడిగితే చెప్పవేం?"

"నువ్వు మేత అడిగావు. ఇది రొట్టె కదా నాయనా."

నాకు ఒళ్లు మండిపోయింది. కోప్పడి మాత్రం ఏం లాభం? రొట్టెను పారెయ్యని ఈ నేల మీద పుట్టినవాణ్ణే, నాకూ తట్టలేదు.

ల్యాబులో చూస్తే విషం ఆ సంచి రొట్టెలోనే దొరికింది. ఆ మాట చెప్పడానికి వెళ్లేసరికి ఆవు చచ్చి పడి ఉంది. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం.

"మిగిలిన రొట్టె కూడా పాతెయ్ పిన్నీ. బూజు రొట్టె ఏ పశువుకీ పెట్టొద్దు. విషం పాలలోకి దిగిందంటే పిల్లాడికే చేటు."

"రొట్టెను మట్టిలోనా?" అంది. తర్వాత కళ్లు తుడుచుకుని తలూపింది. నమ్మాను.

పక్కింటి సనోబర్ పుణ్యమా అని ఎర్గష్‌కి పాలు అందుతూనే ఉన్నాయి. కొన్నాళ్లకు సనోబర్ ఆవూ వణకడం మొదలుపెట్టింది. వెళ్లి చూస్తే తొట్టిలో ఎర్రగా కాలిన రొట్టె ముక్కలు.

"హోజినిసా అక్క పంపింది," అంది సనోబర్. "పాలు ఊరికే తీసుకోవడానికి మనసొప్పడం లేదట."

గోడ దాటినంత పని చేసి హోజినిసా ఇంటికి వెళ్లాను.

"పాతెయ్యమన్నాను కదా పిన్నీ."

"బూజంతా కత్తితో గీకేశాను నాయనా. తందూరులో మళ్లీ కాల్చాను. చూడు, ఒక్క పచ్చ చుక్క లేదు," అని ఒక ముక్క నా చేతిలో పెట్టింది. ఆమె ముఖంలో తప్పు దిద్దుకున్నానన్న నిబ్బరం.

గీకితే పోయేది బూజే, విషం కాదు. అది నిప్పుకూ చావదు.

ఎర్గష్ ఆమె వెనక నుంచి వచ్చాడు. పై పెదవి మీద పాల మీసం ఇంకా ఆరలేదు. ఖాళీ గిన్నె నాయనమ్మకు చాపి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.