మిషను ఆగిన తరువాత

చంపింది మీరే. తప్పుకోవడానికి ఎవరికీ దారి లేదు. ఒకే ఒక్క మాస్కు ఇచ్చి పని చేయించుకున్న షాపాయన, బట్టలు మాస్తున్నాయని వడ్రంగి గది కిటికీ మూయించిన పక్కింటివాళ్లు, గోడవతల నుంచి నవ్విన వీధివాళ్లు, అందరూ వినండి. విన్నాక చేతులు దులుపుకోండి, దులిపితే పోతుందనుకుంటే.

పెరటి గదిలో చెక్క కోసే మిషను ఆగింది. వంటింట్లో ఆమె పొయ్యి కట్టేసి చీపురు అందుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటికి అదే గడియారం. రొద ఉన్నంతసేపూ గది వడ్రంగిది. రొద ఆగితే అతని పెళ్లానిది. అతను మాస్కు మెడకు జార్చుకుని టీ కోసం బయటికి వస్తాడు, ఆమె గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి పోతుంది. మొగుడూ పెళ్లాలు రోజులో ఒళ్లు రాసుకుంటూ నడిచేది ఆ ఒక్క గుమ్మంలోనే.

ఆమె సన్నటి మనిషి. ఎప్పుడు చూసినా కనురెప్పల మీద, మెడ ముడతల్లో, చెవుల వెనక లేత గోధుమరంగు పొడి. అందుకే వీధిలో ఆమెను గంధం పిన్ని అంటారు. గంధమైతే సువాసన వచ్చేది. ఇది చెక్కపొట్టునూ జిగురునూ కలిపి నొక్కిన పలకల పొడి. పిండి కన్నా మెత్తన.

గదిలో మూలన దుమ్ము లాగే యంత్రం, దానికి మనిషంత గుడ్డ సంచి. స్విచ్చి కట్టేసినా సంచి వెంటనే పడిపోదు. భుజాలు వాల్చి, నడుము వంచి, ఎవరో అలసిపోయి కూర్చోబోతున్నట్టు మెల్లమెల్లగా దిగుతుంది. ఇన్నేళ్లయినా ఆమె దానికి వీపు చూపించి ఊడవలేదు. ముతక పొట్టంతా అది మింగుతుంది. మెత్తనిదాన్ని గుడ్డ కన్నాల్లోంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. ఆ మెత్తనిదే గంటల తరబడి గాలిలో నిలబడేది, ఊపిరితిత్తుల అడుగుదాకా దిగేది. రొద ఆగింది కదా, గాలి తేరుకుంది కదా అని వడ్రంగి నమ్మకం. ఆమెదీ అదే నమ్మకం.

కానీ పైకప్పు రేకుకు ఒక కన్నం ఉంది. దాంట్లోంచి ఎండ దారంలా దిగుతుంది. దుమ్ము కనపడేది ఆ దారంలోనే. నెల కిందట ఆమె దాని ముందు నిలబడి ఊపిరి పీల్చింది. రేణువులు బారులు తీరి ఆమె ముఖం వైపు వచ్చాయి. వదిలింది. వెళ్లినన్ని తిరిగి రాలేదు.

"కొన్ని లోపలే ఉండిపోతున్నాయండీ," అని మొగుడితో చెప్పింది. "పడుకుంటే ఛాతీలో ఎవరో గరుకు కాగితం రుద్దుతున్నారు."

"రుద్దడమైతే పాలిష్ కూడా వేస్తాడులే, కంగారెందుకు," అన్నాడతను. ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి తిరిగి చాలాసేపు ఆగలేదు.

డాక్టరు దగ్గరికీ వెళ్లింది. ఏం పని చేస్తావమ్మా అని ఆయన అడిగాడు. "ఏం లేదండి, ఇంట్లోనే," అంది. ఆయన దగ్గుమందు రాసిచ్చాడు.

ఆ రోజు ఆమె ఊడ్చి బయటికి వచ్చేసరికి తను చేయమన్న తలుపు రెక్కలు చూసుకోవడానికి షాపాయన వచ్చాడు. రాత్రంతా కూడబెట్టుకున్న ధైర్యంతో ఆమె అడిగింది.

"అన్నయ్యగారూ, నాక్కూడా ఒక మాస్కు ఇప్పించండి."

"నీకెందుకమ్మా? నువ్వేమైనా మిషను పడతావా?"

"చీపురు పడతానండి."

"చీపురుకి మాస్కా! ఇల్లు ఊడ్చే ప్రతి ఆడమనిషికీ ఇస్తూపోతే నేనే చీపురు పట్టుకోవాలి."

గోడవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ అందుకుంది. "అది కట్టుకుంటే నీ అందం ఎవరికి కనబడుద్ది పిన్నీ!"

అందరూ నవ్వారు. వడ్రంగి కూడా ముందు నవ్వాడు. తరువాత ఆమె ముఖం చూసి, మెడలోది తీసి ఇచ్చాడు. "ఊడ్చేటప్పుడు నాది పెట్టుకోవే, ఏం పోయింది." అది అతని దవడకు సాగిపోయి ఉంది. ఆమె బుగ్గల దగ్గర రెండువేళ్లు దూరేంత సందు. తిరిగి ఇచ్చేసింది. మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నానికి మిషను మళ్లీ ఆగింది. అతను బయటికి, ఆమె లోపలికి.

టీ చల్లారింది. చీపురు చప్పుడు లేదు.

"ఏమేవ్," అని పిలిచాడు. "నిద్రపోయావా ఏం?"

లోపల సంచి ఇంకా కుంగుతూనే ఉంది. ఆమె పలకల దొంతికి ఆనుకుని కూర్చుంది. ఎండ నిట్టనిలువుగా ఆమె ముఖం ముందు దిగుతోంది. అతను లోపలికి వచ్చి ముందు చూసింది ఆమెను కాదు, దుమ్మును. అది లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు. తొందర లేకుండా తిన్నగా ఆమె పెదాల మీదికి దిగుతోంది. తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ పడింది. మళ్లీ తుడిచాడు.

ఆమె పోయిన నాలుగో రోజు షాపాయన తలుపులు ఎప్పుడిస్తావన్నాడు, మిషను మొదలైంది. అది ఆగిన ప్రతిసారీ గదిలోంచి చీపురు చప్పుడు వినిపిస్తోందని వడ్రంగి ఒట్టేసి చెబుతున్నాడు. మీరు దానికీ నవ్వుతున్నారు. నవ్వండి. ఊడవడానికి రేపు అతని చెల్లెలు వస్తోంది.

ఆమె ఆ గుమ్మం తొక్కకముందే కిటికీ తెరిపించండి, మీ బట్టలు ఇంకెక్కడైనా ఆరేసుకోండి. ఆ సంచిని ఇళ్లకు దూరంగా ఆరుబయటికి మార్చాలి. మిషను ఆగాక గంటన్నా గడవనిదే ఎవరూ లోపలికి పోకూడదు. పోయేవాళ్లకు ముఖానికి అతికే మాస్కు, చేతికి తడిగుడ్డ ఇవ్వాలి. పొడి చీపురు ఆ గదిలో కనబడకూడదు. ఇవన్నీ కొనాల్సింది షాపాయన, ఈరోజే. గాలి శుభ్రంగానే ఉందనేవాళ్లు వెళ్లి, ఆ రోజు గంధం పిన్ని తాగుదామని తెచ్చుకున్న నీళ్లు చూడండి. పలకల పక్కన స్టూలు మీద గ్లాసు అలాగే ఉంది. నీళ్లకు మీగడ కట్టింది.