తొమ్మిది గీతలు

ఒకప్పుడు మా షెడ్డులో ఏ పనిముట్టు మీదైనా ఎవరైనా చెయ్యి వేసేవారు, ఒక్క రాగి సుత్తి మీద తప్ప. అది నాది. అప్పటికి నలభై ఏళ్లుగా నాదే. నా కోడలు దాన్ని రెండేళ్లు అడిగింది, నేను రెండేళ్లూ వినబడనట్టు ఊరుకున్నాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ కోడలి కూతురే. తల్లి ఊసు వచ్చిన చోట ఒక మాట ఎక్కువే వేస్తుంది. చూసీ చూడనట్టు పోండి.

ముందు ఆ సుత్తితో పనేమిటో చెబుతాను. పాత మోటారు సైకిల్ ఇంజన్లో పళ్లెమంత ఇనప చక్రాలు రెండు ఉంటాయి. ఫ్లైవీళ్లు అంటారు. రెంటినీ కలుపుతూ మధ్యలో లావుపాటి పిన్ను, పిన్ను చుట్టూ రోలర్లు, వాటి మీద పిస్టన్‌ని ఆడించే రాడ్డు. చక్రాల బయటి వైపు చెరొక ఇరుసు. మొత్తం కలిపి క్రాంకు. అరిగిన పిన్ను తీసి కొత్తది దిగేశాక ఆ రెండు ఇరుసులూ ఒకే వరసలో నిలవాలి. నిలవవు. ఎంత ఒద్దికగా బిగించినా సరే, అలిగిన మొగుడూ పెళ్లాల్లా ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తాయి. అప్పుడు ఇరుసుల కొసల్లో ఉన్న చిన్న గుంటల్లోకి స్టాండు మొనలు దూర్చి, క్రాంకుని మెల్లగా తిప్పుతూ, రెండు పక్కలా గడియారాల్లాంటి గేజీల ముళ్లు ఎంత ఊగుతున్నాయో చూసుకుని, చక్రం అంచు మీద రాగి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. ఎక్కడ పడాలో అక్కడే, ఎంత పడాలో అంతే.

ముల్లు ఒక్క గీత కదిలిందంటే తలవెంట్రుకలో ఏడో వంతు. రెండు గీతల లోపుంటే ఇంజను పిల్లిలా గుర్రుమంటుంది. దాటితే బండెక్కినవాడి పళ్లు కదులుతాయి.

నా కొడుకుది ఆఫీసు ఉద్యోగం. చొక్కా మీద నూనె చుక్క పడితే రెండు రోజులు దిగులు పడే రకం. కోడలు అలా కాదు. వాళ్ల నాన్న కుట్టు మిషన్లు బాగుచేసేవాడు, ఆయన పక్కనే పెరిగింది. కాపరానికొచ్చిన నెలకే షెడ్డులోకి దిగింది. కడగడం, రోలర్లు లెక్కపెట్టడం, పిన్ను దిగేయడం అన్నీ పట్టేసింది. ఇక మిగిలింది సుత్తి.

ఒకరోజు బస్సు డ్రైవరుగా రిటైరయిన నా స్నేహితుడు తన పాత బండి ఇంజను తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పుడే అందుకుంది కోడలు.

"మావయ్యా, ఈ ఒక్కటీ నన్ను సరిచెయ్యనివ్వండి."

"దెబ్బ వెయ్యడం గొప్ప కాదమ్మా. వేసిన దెబ్బని వెనక్కి తీసుకోలేం."

"మీరు నేర్చుకునేటప్పుడు వేసినవి ఎవరు వెనక్కి తీసుకున్నారు?"

టీ తెచ్చిన మా ఆవిడ అక్కడే ఆగింది. "వాళ్ల గురువు చెవి మెలేసేవాడట. ఎడం చెవి ఇప్పటికీ కాస్త పొడుగు. సరిగ్గా చూడు."

డ్రైవరు టీ పొలమారేలా నవ్వాడు. నాకు రోషం వచ్చింది. "సరే. రేపు సాయంత్రానికి రెండు గీతల లోపు తెచ్చావా, సుత్తి నీది, స్టాండు నీది. తేలేకపోయావా, మళ్లీ జన్మలో ఆ మాట ఎత్తకూడదు."

కోడలు చేతులు గుడ్డకి తుడుచుకుంది. సుత్తి వంక చూసింది, నా వంక చూసింది. "జన్మలో ఎత్తను," అంది.

మర్నాడు నేను మూల బల్ల దగ్గర కూర్చుని ఆకురాయితో ఇత్తడి బుష్షు ఒకటి, ఇరుసుకి తొడిగే గొట్టంలాంటిది, రాకుతున్నాను. చేతులు బుష్షు మీద, చెవులు ఆమె మీద. టక్. చాలాసేపు చప్పుడు లేదు. మళ్లీ టక్. తొందర లేదే, అనుకున్నాను. కొంచెం కంగారు కూడా పడ్డాను.

నాలుగింటికి పిలిచింది. డ్రైవరూ మా ఆవిడా ముందే వచ్చి నిలబడ్డారు.

"ఎడమ ఒకటిన్నర, కుడి ఒకటి," అంది.

"నువ్వు పెట్టిన క్రాంకుకి నువ్వే మార్కులు వేసుకుంటే ఎలా? నేను తీసి మళ్లీ పెట్టి చూస్తాను." క్రాంకు దింపాను. రెండు గుంటల్లోనూ వేలితో గ్రీజు అద్ది స్టాండుకి ఎక్కించాను. మెల్లగా తిప్పాను. ఎడమ ముల్లు తొమ్మిది గీతలు ఊగింది.

నిజం చెప్పాలి. నాకు లోపల సంతోషం వేసింది.

"ఇందాక ఒకటిన్నరే ఉంది మావయ్యా."

"ముల్లుకి నీ మీద పగేమీ లేదమ్మా."

డ్రైవరు తన చెప్పుల వంక చూసుకున్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే చాలా అనుకుంటోందని అర్థం. కోడలు తనే క్రాంకుని రెండుసార్లు తిప్పి చూసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. సుత్తి తీసి పిడి నా వైపు తిప్పి చాపింది.

"అయితే మీరే సరిచెయ్యండి. దెబ్బ ఎక్కడ పడాలో చూసి తెలుసుకుంటాను."

తీసుకున్నాను. సుద్దముక్కతో ఎడమ పక్క ముల్లు లేచిన చోట గీత పెట్టాను. కుడి ముల్లు మూడే గీతలు లేస్తోంది. అక్కడా గీత పెట్టాను. సుత్తి ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

చక్రాలు పక్కకి జరిగితే రెండు ముళ్లూ ఎదురెదురు దిక్కుల్లో లేస్తాయి. చక్రాల మధ్య సందు ఒక పక్క తగ్గితే పిన్ను వైపో, దాని ఎదుటి వైపో లేస్తాయి. ఇక్కడ రెండూ ఒకే వైపు లేస్తున్నాయి, అదీ పిన్నుకి సరిగ్గా అడ్డంగా. నలభై ఏళ్లలో నా సుత్తికి దారి చూపించని వంకర ఇదొక్కటే. తేడా క్రాంకు కూర్చున్న చోట ఉందేమో.

"ఏమిటి, చెయ్యి పట్టేసిందా?" అంది మా ఆవిడ.

క్రాంకు దింపి, వాళ్లకి వీపు పెట్టి, ఎడమ ఇరుసు గుంటలో చిటికెన గోరు పెట్టి గీకాను. గ్రీజులో ఒక రవ్వ తళుక్కుమంది. ఇత్తడి. నా బుష్షు రజను, నా వేలి మీదుగా, నా గ్రీజులోంచే వెళ్లి కూర్చుంది. ఇరుసుకీ స్టాండు మొనకీ మధ్య అది ఇరుక్కుంటే చక్కని క్రాంకు కూడా వంకరగానే తిరుగుతుంది.

ఎవరూ చూడలేదు. గోరు కింద అలాగే ఉంచుకుని, "వంకర ఉంది, తర్వాత నేను చూసుకుంటాను" అంటే పందెం నాది. అనబోయాను కూడా. వెనక్కి తిరిగితే కోడలు గుడ్డతో గేజీ అద్దం తుడుస్తోంది. తనకి ఇంక దక్కదనుకున్న వస్తువుని అంత శుభ్రంగా తుడిచేవాళ్లని నేను చూడలేదు.

"ఇలా రా అమ్మా," అన్నాను. వేలు చూపించాను.

వేలు చూసింది. మూల బల్ల మీది బుష్షు చూసింది. "ఇత్తడి."

"ఆఁ."

"మీదే."

"ఆఁ."

"అంటే వంకర ఇనుములో లేదు, ఇంటిపెద్దలో ఉందన్నమాట," అంది మా ఆవిడ, అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్క మాటలో పెట్టి.

కోడలు గుంటలు రెండూ కిరసనాయిలుతో కడిగింది. ఎక్కించి తిప్పింది. ఎడమ ఒకటిన్నర, కుడి ఒకటి. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. నేను సుత్తి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని, గుండెకి హత్తుకుంటుందేమో అనుకుంటే, స్టాండు పక్కన మేకుకి తగిలించేసింది.

"మావయ్యా, ఒక్క మాట. నా స్టాండు దగ్గరికి వచ్చేముందు చేతులు కడుక్కుని రండి."

డ్రైవరు నవ్వాపుకోలేక డబ్బా మీద కూలబడ్డాడు. నేను పెరట్లోకి నడిచాను. మా ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తూ, "వేళ్ల సందులు కూడా," అంది. బడిపిల్లాడిలా చేతులు చాపి నిలబడ్డాను. లోపల డ్రైవరు గొంతు వినబడుతోంది.

"ఇంజను ఎప్పటికి బిగిస్తావమ్మా?"

అడుగుతున్నది ఆమెని. నేను సబ్బు ఇంకోసారి రుద్దుకున్నాను.