ముబారక వంటింటి గోడ

నేను ఒక చిరిగిన కాగితాన్ని. ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: వీధి పిల్లలకు చదువు చెప్పే యెఫెత్ తాత, ఆయన భార్య ముబారక, వాళ్ళ మనవరాలు తుర్ఫా, నేను. గంప కింద పొదుగుతున్న కోడిని కూడా కలిపితే ఐదుగురం.

అది పాత కైరోలో యూదుల వీధి. పూర్వకాలపు జ్ఞాని ఒకాయన చెప్పిన బుద్ధిమాటలు నా మీద ఉన్నాయి. ఎవరిని నమ్మాలి, విందులో ఎంత తినాలి, కోపం వస్తే ఏం చెయ్యాలి. ఒక లేఖకుడు రెల్లు కలంతో ఎంతో శ్రద్ధగా రాశాడు. నన్ను కొన్న వర్తకుడు విందు గురించిన వాక్యాలు చదివి, మెచ్చుకుని, పళ్ళెం మళ్ళీ నింపుకున్నాడు. తర్వాత ఒక ఎలుక నా అంచు తినేసింది. దానికైనా వంటబట్టిందో లేదో!

దేవుడి పేరున్న కాగితాన్ని వీళ్ళు పారెయ్యరు, కాల్చరు. పాతబడితే ప్రార్థనామందిరంలోని చీకటిగదిలో వేస్తారు. అక్కడికి వెళ్ళినదాన్ని మళ్ళీ ఎవరూ చదవరు. ఆ రోజు నా వంతు వచ్చింది.

తాత చెప్పులు వెతుక్కుంటుండగా తుర్ఫా నన్ను వంటింట్లోకి ఎత్తుకుపోయింది. తాత పాఠాలు పక్కగదిలోంచి వింటూ, తొంగిచూస్తూ చదవడం, రాయడం నేర్చుకున్న పిల్ల. ఆడపిల్లకు కాగితం ఎవరిస్తారు? పొయ్యిలోంచి బొగ్గు తీసి నా మీది మాటలు గోడ మీదికి దించడం మొదలుపెట్టింది.

"అయ్యో, నా గోడ! పండక్కని నిన్ననేగా సున్నం వేయించాను!" ముబారక తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది.

తుర్ఫా పక్కకు జరిగింది. "తుడువు నానమ్మా. రెండో వరసలో దేవుడి పేరుంది. ఇక నీ ఇష్టం."

రాసిన ఆ పేరును చెరపకూడదు. గుడ్డ గాలిలోనే ఆగిపోయింది.

"ఏమండీ! మీ మనవరాలు దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నా గోడ కాజేసింది!"

తాత వచ్చాడు. గోడనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తప్పు వెతుకుతున్నాడని నాకు తెలుసు. దొరకలేదు.

"ఇలా ఇవ్వమ్మా. మందిరం మూసేస్తారు."

"ఇంకా సగం ఉంది తాతా. ఇవ్వను." ఆమె నన్ను వదల్లేదు.

"ఇవ్వదట, విన్నారా?" అంది ముబారక.

"విన్నానే. దేవుడి పేరు రాసి మాట మధ్యలో ఆపేస్తే బాగుంటుందా?" తాత చెప్పులు విప్పాడు. "వరసలు వంకర పోతున్నాయి తల్లీ. నిదానంగా రాయి. ఈ కాగితం రేపు వెళ్తుందిలే."

"మరి వంటో?"

"రొట్టె, ఉల్లిపాయ తిందాం. నువ్వు రా."

తుర్ఫా మళ్ళీ బొగ్గు అందుకుంది. తాత ముబారకను బయటికి నడిపించి, మా ఇద్దరినీ లోపల ఉంచి తలుపు మూశాడు.