చెవుడు తెలిసిన తేదీ

"మీకు చెవుడొచ్చిందని మొదట ఎప్పుడు తెలిసింది?"

తన ఆఫీసులో క్రాస్లీ ప్లీడరు ఇలా అడగడం మూడోసారి. ఆయన మీసాలు పై పెదవిని పూర్తిగా కప్పేశాయి. తను పెట్టుకున్న ప్లీడరే అయినా హిల్డా ఆర్మరాడ్‌కు ఒక్క ముక్కా అందలేదు. పొద్దున ఆరింటినుంచి బడి గదులు తుడిచి తుడిచి వచ్చింది. గంటకు పౌనూ అరవై పెన్నీలు. మోకాళ్లు సలుపుతున్నాయి.

పక్కనున్న నెల్లీ చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. ఇద్దరూ ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పక్కపక్కనే పనిచేశారు. ఆ మోతలో గొంతుతో పనిలేదు. నేసేవాళ్లంతా పెదవులు చూసే మాట్లాడుకునేవారు.

"చెవుడెప్పుడు తెలిసిందంటున్నాడే. ఆ మీసాల పొదలోంచి నాకూ సగమే కనపడింది."

హిల్డా నవ్వలేదు. "డెబ్బై ఒకటిలో బాబూ. కెటిల్ ఈల వినపడక అడుగు మాడిపోయింది. మగ్గాల వల్లేనని అప్పుడే తెలుసు. మా షెడ్డులో చెవులు మిగిలిందెవరికి?"

క్రాస్లీ కలం ఆగింది. ఈసారి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. హాని జరిగిందనీ, అది పని వల్లేననీ తెలిసిన రోజునుంచి మూడేళ్లు. ఆ లోపలే దావా వెయ్యాలి. ఇప్పటికి పన్నెండేళ్లు గడిచాయి. కింద ఇంకో వాక్యం రాశాడు: మిల్లు మూసేశాక, ఎనభై ఒకటిలో డాక్టరు చెబితేనే తెలిసిందేమో, బాగా గుర్తుచేసుకోండి.

మిల్లు తరఫు బీమా మనిషి పక్కనే ఉన్న అద్దాల గదిలో ఎదురుచూస్తున్నాడు. ఇవాళ రాజీ కాగితం మీద సంతకం పెడితే ఆరు వందల పౌన్లు ఇస్తానన్నాడు. ఆరు వందలంటే ఈ చలికాలమంతా నేల తుడవక్కర్లేదు. క్రాస్లీ లేచి ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బీమా మనిషి నున్నగా గడ్డం, మీసం గీసుకున్నాడు. క్రాస్లీతో మాట్లాడుతున్న అతని పెదవుల్ని హిల్డా అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

"ఇవాళే సంతకం పెట్టించండి. గడువు దాటినా జడ్జి తలుచుకుంటే దాన్ని పక్కన పెట్టగలడు. అప్పుడు మేమివ్వాల్సింది రెండు వేలకు తగ్గదు."

"చూశావా?" అంది నెల్లీ.

"చూశాను."

"అయితే ఎనభై ఒకటనే చెప్పెయ్యవే. కెటిల్ వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

క్రాస్లీ తిరిగొచ్చి రాజీ కాగితం హిల్డా ముందు పెట్టాడు. ఆమె దాన్ని వెనక్కి జరిపింది.

"పెట్టను బాబూ. జడ్జి గారినే అడుగుదాం. తేదీ మాత్రం డెబ్బై ఒకటే రాసుకోండి."

ఆయన మళ్లీ కలం తీసి రాశాడు: ఓడిపోతే ఈ ఆరు వందలూ ఉండవు, వాళ్ల ఖర్చులు కూడా మీ మీద పడొచ్చు. తెలిసీ ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావని జడ్జి అడుగుతాడు.

హిల్డా మెల్లగా చదివింది.

"దావా వేసిన ఆడదానికి మర్నాడు మగ్గమెవరిస్తారు బాబూ? అదీ రాసుకోండి."